చెమట పట్టని చెయ్యి

మా తెనాలి కాలేజీకి కబడ్డీ జట్టు ఉందన్న సంగతి మా కాలేజీలోనే చాలామందికి తెలియదు. ఆడేవాళ్ళం ఏడుగురం, ఎవరికైనా జ్వరమొస్తే దిగడానికి ఇంకొకడు. ఆట నేర్పింది మాకు వృక్షశాస్త్రం చెప్పే మాస్టారు. ఆయన జన్మలో కూత పెట్టి ఎరగరు. అన్నీ పుస్తకం చూసే నేర్పారు.

ఎడమ మూలలో నేను నిలబడేవాణ్ణి, నా పక్కన నా జోడీ. వాడిది అంగలకుదురు, అమ్మా నాన్నా కూలికి వెళ్ళేవారు. కూతకొచ్చినవాడు వెనక్కి పోకుండా మేమిద్దరం చేతులు పట్టుకుని అడ్డం పడాలి. చేతులకు అలవాటు కావాలని మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. సాయంత్రం ఆట అయ్యాక నా కుడి మణికట్టునీ వాడి ఎడమ మణికట్టునీ తువ్వాలుతో కలిపి కట్టేసేవారు. అలాగే టీ కొట్టుకు వెళ్ళాలి, అలాగే తాగాలి. "ఏంట్రా, మీలో దొంగెవరు, పోలీసెవరు?" అని బజార్లో ఏడిపించేవారు. నాకు చచ్చేంత సిగ్గు, వాడికి ఒకటే నవ్వు. నెల తిరిగేసరికి వాడు ఎటు కదలబోతున్నాడో నా చేతికి ముందే తెలిసిపోయేది.

ఆ ఏడు మొదటి ఆట ఓడిపోయాం. తర్వాత ఎలాగో రెండు గెలిచాం, రేపల్లెలో సెమీఫైనల్ కూడా గెలిచాం. మాది అయ్యాక మిగతావాళ్ళు భోజనానికి వెళ్తే నేనొక్కణ్ణే ఉండి రెండో సెమీఫైనల్ చూశాను. ఫైనల్లో మా మీదకు రాబోయే కూతగాడు దున్నపోతులా ఉన్నాడు. వాడికి అడ్డం పడిన ఒక ఆటగాడి భుజం ఎముక విరిగింది. ఆ చప్పుడు గీత బయట కూర్చున్న నాకు వినిపించింది. పిరికివాడంటారని ఎవరికీ చెప్పలేదు.

తిరుగు బస్సులో నా జోడీ ఒకటే మాటలు. "బాపట్లలో ఫైనల్‌కి యూనివర్సిటీ సెలెక్టర్లు వస్తున్నారంట్రా. ఆ టీమ్‌లో పడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చిద్దంట. ఇంక మా అమ్మని నాట్లకి పోనివ్వను."

బాపట్లలో పొద్దున్నే ఆట. ఎముకలు కొరికే చలి. చివరి కూత దాకా పాయింట్లు సమానం. ఆ దున్నపోతే వచ్చాడు. లోపలి దాకా రానిచ్చి నా జోడీ చెయ్యి బిగించాడు. నేనూ ఒక అడుగు వేశాను. అంతలో ఆ కూతగాడు నా వైపు తిరిగాడు. రేపల్లెలో విన్న చప్పుడు చెవిలో మోగింది. నా వేళ్ళు విడిపోయాయి. విడిపోవడం ఏమిటి, నేనే విడిపించుకున్నాను. నా జోడీ ఒక్కడే అడ్డం పడ్డాడు. ఆ బరువంతా వాడి మోకాలి మీద పడింది. కూతగాడు గీత దాటిపోయాడు, మేం ఓడిపోయాం.

"ఏమైందిరా?" అంటూ మాస్టారు పరుగెత్తుకొచ్చారు.

"వాడి చెయ్యి చెమట పట్టి జారిందండి," అన్నాను.

మట్టిలో పడి మూలుగుతున్నవాడు అది విన్నాడు. "అవునండి, నాదే తప్పు. మట్టి రుద్దుకోవాల్సింది," అన్నాడు. ఆ చలిలో వాడి చెయ్యి పొడిగానే ఉంది. అది పట్టుకున్నవాణ్ణి నేను, నాకు తెలియదా?

మోకాలు మళ్ళీ సరిగా కుదురుకోలేదు. వాళ్ళమ్మ నాట్లకు వెళ్తూ ఎదురైతే నేను సందు మార్చేవాణ్ణి. ఒకసారి ఆవిడే కేకేసి, "మావాడి జోడీవి కదా నాయనా, ఇంటికి రావేంటి?" అంది. వస్తానన్నాను కానీ వెళ్ళలేదు. బాపట్లలోనే ఉద్యోగం దొరికి, రోజూ ఆ గ్రౌండు పక్కనుంచే ఆఫీసుకు వెళ్ళాను. ఎంత సిగ్గులేని మనిషినో నాకు నేనే చెప్పుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపాను.

పోయిన నెల వాడు ఫోన్ చేశాడు. రేపల్లెలో కాలేజీ ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాడట. "మా పిల్లలు ఫైనల్‌కి వచ్చార్రా, ఒకసారి వచ్చి చూడు," అన్నాడు. ఈసారి చెప్పేయాలి అనుకుని బస్సెక్కాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను.

గ్రౌండులో ఇద్దరమ్మాయిలు మణికట్లు చున్నీతో కట్టుకుని మంచినీళ్ళు తాగుతున్నారు. వాడు కుంటుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "ఇదిగోనమ్మా, నేను చెప్పానే, నా జోడీ. ఆ రోజు నా చెయ్యి చెమట పట్టబట్టిగానీ, వీడు వదిలేవాడు కాదు."

"తెలుసు సార్," అంది ఒకమ్మాయి నవ్వుతూ. "అందుకే కదా మా చేత రోజూ మట్టి రుద్దిస్తున్నారు!"

పిల్లలంతా వంగి అరచేతులకు మట్టి రుద్దుకున్నారు. వాడూ గుప్పెడు తీసి నా అరచేతిలో పోశాడు. "పట్టుకోరా, వీళ్ళకి చూపిద్దాం."

పట్టుకున్నాను. పిల్లలు ఇటు ముగ్గురు, అటు ముగ్గురు నిలబడి మమ్మల్ని విడదీయాలని లాగారు. నా వేళ్ళు నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాను.

"చూశారా? మట్టి ఉంటే జారదు," అన్నాడు వాడు. నా వైపు తిరిగి, "కదరా?" అని అడిగాడు.

బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ నోటి దాకా వచ్చాయి.

"అవును," అన్నాను.