కుడివి పెద్దన్నయ్యవి, ఎడమవి చిన్నన్నయ్యవి

మా అన్నయ్యలు ఇల్లు పంచుకున్నప్పుడు హాలు మధ్యలో గోడ లేపారు. మేడ మీద గది మాకిచ్చారు. దాని మెట్లు పెద్దన్నయ్య వాటాలోకి, నీళ్ళ కుళాయి చిన్నన్నయ్య వాటాలోకి వెళ్ళాయి. కాబట్టి మేం ఇద్దరి ముందూ నవ్వుతూనే ఉండాలి. బట్టల కొట్టునూ కారునూ మాత్రం కోయలేక ఉమ్మడిగా ఉంచారు. ఆ కారు తోలేది మా ఆయన. పనిచేసే రవాణా కంపెనీ మూతపడ్డాక ఆయనకు దొరికిన ఉద్యోగం అదే. జీతం పేరు ఎవరూ ఎత్తరు, గది ఇచ్చారుగా.

మా ఆయన మెత్తని మనిషి. కుర్చీలో పిల్లి పడుకుని ఉంటే తను నిలబడి అన్నం తినే రకం. బండి దగ్గర మాత్రం ఆ మెత్తదనం ఉండదు. తాళం తిప్పే ముందు చుట్టూ తిరిగి నాలుగు చక్రాలనూ చేత్తో తడిమి చూస్తారు. అలా చూసే, టైర్లు నున్నగా అరిగిపోయాయని అన్నయ్యలకు చెప్పారు. విడివిడిగా చెప్పడమే ఆయన చేసిన పొరపాటు. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టే వీలు ఆ ఇంట్లో ఎక్కడుంది కనుక?

పెద్దన్నయ్య మట్టిరోడ్లకు పనికొచ్చే మొరటు టైర్లు రెండు తెచ్చాడు. చిన్నన్నయ్య తారురోడ్డుకు సరిపోయే సన్నగీతల టైర్లు రెండు తెచ్చాడు. ముందు ఒక జత, వెనక ఒక జత వేద్దామన్నారు మా ఆయన.

"వాడి టైర్ల వెనక నావి దొర్లాలా?" అన్నాడు పెద్దన్నయ్య.

గోడ అవతలి నుంచి చిన్నన్నయ్య గొంతు వినిపించింది. "కుడివైపు రెండూ ఆయనవి, ఎడమవైపు రెండూ నావి. ఇల్లు పంచుకున్నట్టే."

పెద్దన్నయ్య వెంటనే సరేనన్నాడు. గోడ లేచాక వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

"ఒకే ఇరుసుకి చెరో రకం వేస్తే, వానలో బ్రేకు కొట్టగానే బండి పక్కకి లాగేస్తుంది బావగారూ. అందులో మీ పిల్లలు స్కూలుకెళ్తారు," అన్నారు మా ఆయన.

"నీ చేతిలో బండికేం కాదులే బావా," అన్నాడు పెద్దన్నయ్య.

టైర్ల షాపుకి నేనూ వెంట వెళ్ళాను. షాపతను జాకీ ఎత్తి ఆగిపోయాడు. "మీరు ఊఁ అంటేనే వేస్తాను. తర్వాత నన్ననకండి," అన్నాడు.

మా ఆయన నా వంక చూశారు.

"వద్దని చెప్పేయండి," అన్నాను.

"చెప్పి? రేపు ఏ మొహం పెట్టుకుని ఆ మెట్లెక్కుతాం?"

సొంత అన్నయ్యల మీదే అసహ్యం వేసింది. ఆయన షాపతనికి తలూపారు.

మొదటి వానకే జరగాల్సింది జరిగింది. స్కూలు దారిలో కుక్క అడ్డం వస్తే బ్రేకు వేశారు. బండి ఎడమకి ఈడ్చుకుపోయి కాలవ అంచున ఆగింది. పెద్దన్నయ్య కూతురికీ చిన్నన్నయ్య కొడుక్కీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి అదేదో ఆటలా చెప్పుకున్నారు. ఆ సాయంత్రమే మా ఆయన అన్నయ్యలిద్దర్నీ గేటు దగ్గరికి పిలిచి, టైర్లు ముందొక జత, వెనకొక జతగా మారిస్తే తప్ప పిల్లల్ని ఎక్కించుకోనని చెప్పేశారు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

అన్నయ్యలు మొహమొహాలు చూసుకున్నారు.

"పిల్లల్ని స్కూలు బస్సులో పంపిద్దాం," అన్నాడు పెద్దన్నయ్య.

"అదే మంచిది," అన్నాడు చిన్నన్నయ్య.

టైర్ల మాట ఎత్తుతారేమోనని అక్కడే నిలబడి చూశాను. ఎవరి తలుపు వాళ్ళు వేసుకున్నారు.

ఇప్పుడు అన్నయ్యలు కొట్టుకి నడిచే వెళ్తున్నారు. నడక ఒంటికి మంచిదట. వదినలు ఆటో పిలిపించుకుంటున్నారు. గోదాము నుంచి సరుకు మాత్రం మా ఆయనే తేవాలి, వానొచ్చినా సరే. ఇవాళ పొద్దున ముసురు పట్టి ఉంది. తాళం తీసుకుంటుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"భయమెందుకే, బండిలో నేనొక్కణ్ణేగా," అన్నారు, నాకు ధైర్యం చెబుతున్నట్టు.