కండల కోసం వేసుకున్న సూదులు

విమానాశ్రయం తెరిచిన కొత్తలో నేను సామాన్లు ఎక్కించే పనిలో చేరాను. పెళ్లీ ఆ ఏడాదే అయింది. డ్యూటీ దిగగానే దగ్గర్లోని సాతంరాయిలో ఓ కిరాయి షట్టర్లో నడిచే జిమ్‌కి పోయేవాణ్ణి. అక్కడి కోచ్ వారానికో సూది వేసేవాడు. కండలు పొంగాయి. అద్దం ముందు నుంచి కదలబుద్ధయ్యేది కాదు, అంత పిచ్చి.

మూడేళ్లయినా పిల్లల్లేరు. అందరి వేలూ నా భార్య వైపే. ఆకుపసర్లు తాగించారు, పరీక్షలు చేయించారు. ఆమెలో ఏ లోపమూ లేదని డాక్టర్లు చెప్పినా ఇంట్లో ఎవరూ వినలేదు. ఇంత ఒడ్డూ పొడుగూ ఉన్న నా కొడుక్కి ఏం రోగమని అమ్మ నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

చివరికి నా భార్యే పట్టుబట్టి నన్ను దవాఖానకు తీసుకెళ్లింది. నా రిపోర్టులో వీర్యకణాలు సున్నా. డాక్టరమ్మ మూడోసారి గుచ్చి అడిగితే గానీ సూదుల సంగతి బయటపెట్టలేదు. ఆవిడ రిపోర్టు వెనక బొమ్మ గీసి చెప్పింది. పురుష హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలు కణాల్లో ఉంటాయట. హార్మోన్ అందగానే అవి కణకేంద్రంలోకి పోయి ఏ జన్యువు పనిచేయాలో చెబుతాయట. వృషణాల్లో ఆ పని సాగితేనే బీజకణం పూర్తిగా ఎదుగుతుంది. సూదుల్లో ఉన్నదీ ఆ హార్మోనే; నేను దాన్ని బయటి నుంచి ఎక్కిస్తుంటే, ఇక చాలనుకుని మెదడు వృషణాలకు కబురు ఆపేసింది. రక్తంలో హార్మోన్ దండిగా ఉన్నా, కావలసిన చోట కరువైంది. బీజకణాలు సగం ఎదిగి ఆగిపోయాయి. సూదులు మానితే చాలామందికి మెల్లగా కోలుకుంటుందని, అందరికీ అని మాత్రం మాటివ్వలేనని అంది.

ఆటోలో నా భార్య ఒక్కటే మాట అంది. "ఈ ముచ్చట అత్తమ్మకు నువ్వే చెప్పాలె."

సూదులు ఆ రోజే మానేశాను. చెప్పడం మాత్రం నెల రోజులు నాన్చాను. అన్ని కండలు పెంచినవాడికి నాలుక కదల్లేదు.

అంతలో మా చెల్లెలి శ్రీమంతం వచ్చింది. గాజులు తొడగడానికి నా భార్య ముందుకొస్తే, పిల్లల్లేని చెయ్యి తగలొద్దని అమ్మ పక్కకు జరగమంది. నా భార్య నా వైపు చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది, అమ్మ మీద కాదు, నా మీదే.

"అమ్మా, లోపం నాది. కండల కోసం సూదులు వేసుకున్న. నీ కోడలికి తెలుసు. నెల నుంచి నా కోసం మాటలు పడుతున్నది."

అమ్మ గాజుల పళ్లెం కోడలి చేతిలో పెట్టింది. నా భార్య చెల్లెలి చెయ్యి పట్టుకుని మెల్లగా ఒక్కో గాజూ తొడిగింది. తర్వాత నా వైపు తిరగకుండానే అంది.

"నెల కాదు, మూడేండ్లు."