తెల్ల అంచున్న నిమ్మపండు

టీషర్టుల మీద బొమ్మలు అచ్చువేసే బాబాయికి మా వీధి పెట్టిన పేరు ఇంకోపూత. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. నల్లబట్ట చేతికొస్తే ముందు తెల్ల ఇంకు పూస్తాడు, ఆరబెడతాడు, వేలితో తడిమి "ఇంకో పూత పడాలి" అంటాడు. అడుగున తెలుపు లేకుండా నేరుగా పసుపు వేస్తే నల్లబట్ట దాన్ని మింగేసి బురదరంగు చేస్తుందట. ఆయన్ని తొందరపెట్టడమూ ఒకటే, గోడకు చెప్పుకోవడమూ ఒకటే.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది మా అమ్మ కోసం. ఆమె చెవులు ఏనాడో మొరాయించాయి. ఇప్పుడు చూపూ మసకబారింది. నలుపు మీద వెలుగులాంటి రంగుంటే తప్ప ఏదీ ఆనదు. మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం. ఎవరు వెళ్లినా ఒకేలా నవ్వుతుంది. ఎవరని అడిగితే నొచ్చుకుంటామని అడగడమే మానేసింది. పుట్టగానే కామెర్లొచ్చి పచ్చగా ఉన్నానని నన్ను నిమ్మపండు అని పిలిచేది. నల్ల టీషర్టు మీద పెద్ద నిమ్మపండు ఉంటే, వచ్చింది నేనని పోల్చుకుంటుందేమోనని నా ఆశ.

"ఆవిడ ఎక్కడ కూర్చుంటారమ్మా? గుమ్మం ఎంత దూరం? వెలుతురు ఎటునుంచి వస్తుంది?" అని బాబాయి ఆరా తీశాడు. నాకు ఉద్యోగమిచ్చినవాళ్లు కూడా అన్ని ప్రశ్నలు అడగలేదు.

తీసుకోవడానికి వెళ్లేసరికి ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"పాడైందమ్మా. అమ్మగారికి బాగా కనపడాలని తెలుపు రెండు పూతలు ఎక్కువేశాను. ఇంకు పక్కకి పాకింది."

అడుగు తెలుపు పైరంగు కింద దాక్కోవాలి. ఇక్కడ నిమ్మపండు చుట్టూ సున్నం గీసినట్టు తెల్లగా బయటికొచ్చింది.

"ఇది బయటికెళ్తే నా పరువు పోతుంది. ఇంకోటి వేస్తాను, ఆగండి."

నాకు ఆగే ఓపిక ఎక్కడిది? అక్కడే ఒంటి మీది చొక్కాపైన తొడిగేసుకుని బయల్దేరాను. తేడాగా ఉంటే వెనక్కి తెచ్చుకుంటానంటూ ఆయనా వెంటపడ్డాడు.

అమ్మ కుర్చీలో ఉంది. గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ అలవాటుగా నవ్వబోయి ఆగింది. తల ఒక పక్కకి వాల్చి చూసింది.

"మధ్యలో పచ్చగా... చుట్టూ తెల్లగా..." అని గొణిగి, ఒక్కసారిగా గొంతు పెంచింది. "ఏమే నిమ్మపండూ, అక్కడే నిలబడిపోయావేం? లోపలికి రా!"

"ఆ అంచేనమ్మా ఆవిడకి ఆనింది," అన్నాడు బాబాయి నా వెనక నుంచి. వెనక్కి తిరిగి దణ్ణం పెట్టాను. ఆయన కంగారుపడి చేతుల ఇంకు ప్యాంటుకి తుడుచుకున్నాడు. పని చెడిందని అంత బాధపడిన మనిషికి ఎంత రుణపడ్డానో ఎలా చెప్పాలో తెలియలేదు. ఇవాళ్టికీ తెలియదు.

దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"బాగా చిక్కిపోయావే," అంది.

నేను చిక్కలేదు, లావెక్కాను. అయినా ఎవరొచ్చారో తెలియని ఇన్నాళ్లలో అమ్మ ఆ మాట నాతో ఒక్కసారీ అనలేదు.