ఎవరిదీ కాని నేల

నాంపల్లి కోర్టుల దగ్గర నా ఆఫీసు. భూమి తగాదాలు తప్ప వేరే కేసులు నా దాకా రావు. తూర్పున ఫలానా వారి పొలం, పడమర బండ్లబాట అని హద్దులు రాసీ రాసీ, రైలు కిటికీలోంచి ఖాళీ జాగా కనిపించినా ఇది ఎవరి పేరు మీదుందో అనిపించే స్థితికొచ్చాను. అందుకే ఆయిల్ పెయింటింగ్ మొదలుపెట్టినప్పుడు ఎవరికీ చెందని నేలను వెయ్యాలని గట్టిగా అనుకున్నాను.

అబిడ్స్‌లో రంగుల దుకాణానికి వెళ్లి, ఎవరూ కొనని ట్యూబులు ఇమ్మన్నాను.

"గివి వాపస్ తీసుకోను మేడమ్," అన్నాడు దుకాణదారు.

"వాపస్ తేను," అన్నాను.

నల్లరేగడి, ఎర్రనేల, చౌడు, దేన్ని పోలినా ఎవరో ఒకరు మాదే అంటారు. కాబట్టి నేలకు పిస్తా రంగు వేశాను. ఆకాశానికి కందగడ్డ తొక్క గులాబీ రంగు. మధ్యలో ఇటుక పొడి రంగులో ఒక పాయ. అది నీళ్లో దారో నాకే తెలియదు. ఆ రంగులు నా చేతికి అలవాటు లేనివి. పక్కపక్కన పెడితే ఆస్తి తగాదా పడ్డ పాలివాళ్లలా మొహాలు తిప్పుకునేవి. అయినా నాకు చాలా నచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక నేలను చూసి కాగితాలు అడగాలనిపించలేదు.

ఇంట్లో చోటు లేక ఆఫీసులోనే వేశాను, ఆరడానికి అక్కడే గోడకు ఆనించాను. ఆయిల్ రంగులు అంత తొందరగా ఆరవు. వచ్చిన ప్రతి క్లయింటూ ముందు దాన్నే చూసేవాడు. ఒకాయన శంకర్‌పల్లి దిక్కు ఉన్నట్టుందన్నాడు. ఇంకొకాయన గజం ఎంతని అడిగాడు. ఊహించి వేశానంటే, చెప్పడం ఇష్టం లేదనుకుని ఊరుకున్నాడు.

నా క్లయింట్లలో ఒక ముసలామె ఉండేది. భర్త పోయాక ఆమె పొలాన్ని మరిది కొడుకులు తమ దాంట్లో కలిపేసుకుని దున్నుకున్నారు. దానికోసం ఏళ్లుగా ఊరి నుంచి బస్సులో వచ్చిపోయేది. తీర్పు రోజున ఆమెను ఆఫీసులో కూర్చోబెట్టి కోర్టుకు వెళ్లాను. ఓడిపోయాం. ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించి, వచ్చాక మామూలుగానే చెప్పాను.

"పోయింది అవ్వా."

"ఔ," అంది. చూపు మాత్రం బొమ్మ మీద నుంచి తీయలేదు.

నాకు సిగ్గుగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది. అప్పీలు వేద్దామన్నాను.

"గిది ఏడి జాగ బిడ్డా?"

"ఏడిదీ కాదు. ఉత్తగ అనుకొని ఏసిన."

"ఎవరిది గాదా?"

"ఎవరిది కాదు."

ఆమె లేచి దగ్గరికి వెళ్లి, ఈ మూల నుంచి ఆ మూలకు చూసింది.

"మరి గిట్ల ఇడిసిపెట్టినవేంది? జల్ది హద్దుకు కడీలు పాతు. మేం గూడ మనోళ్లే గదా అని గిట్లనే ఇడిసిపెడితిమి."

చెప్పులు వేసుకుని బస్సుకు వెళ్లిపోయింది. నేను నల్లరంగు తీసి, ఇంకా ఆరని నేల మీద నాలుగు వైపులా హద్దురాళ్లలా కడీలు పాతాను.