నాన్న పేపరు దిద్దిన దొర

మా ఇంట్లో కేంబ్రిడ్జి అంటే ఊరు కాదు, పరీక్ష. మా ఇంట్లోనే కాదు, ఆ రోజుల్లో మలయా అంతటా అంతే. ఇంగ్లీషు బడిలో ఆఖరున రాసే పరీక్షను సీనియర్ కేంబ్రిడ్జి అనేవారు. "ఆలబ్బాయికి కేంబ్రిడ్జి వొచ్చినాది", "ఈల పిల్లకి పోనాది" అని జ్వరం సంగతి చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు. మా నాన్నకు పోయింది. అదీ ఇంగ్లీషులో పోయింది.

నాన్న హుటాన్ మెలింటాంగ్ దగ్గర ఒక కొబ్బరి తోటలో కిరాణి, అంటే ఆఫీసు గుమాస్తా. పెద్ద కిరాణి కావాలంటే కేంబ్రిడ్జి ఉండాలి. అది లేక ఆయన జీవితమంతా చిన్న కిరాణిగానే ఉండిపోయాడు. ఇంగ్లీషులో తనకు తిరుగులేదని ఆయన నమ్మకం. తోట దొర ఇంగ్లీషులోనే తప్పులు పట్టేవాడు, అయితే ఇంటికొచ్చాక.

పరీక్ష పేపర్లు అప్పట్లో ఓడలో ఇంగ్లండుకు వెళ్ళేవి, అక్కడి దొరలు దిద్దేవారు. మొదట్లో నాన్న, "ఓడలో నా కట్టకి ఉప్పునీళ్ళు తగిలినాయి, అచ్చరాలు సెరిగిపోనాయి" అనేవాడు. కొన్నేళ్ళకు నీళ్ళు ఆరిపోయి, దిద్దిన దొర మీద పడ్డాడు. ఆ దొర ముసలాడు, కళ్ళజోడు జారిపోతుంటుంది, పంటినొప్పి. ఆ వేళ పెళ్ళాంతో తగువాడి వచ్చాడు. ఇవన్నీ నాన్నకు ఎలా తెలుసో మాకు తెలీదు. చూస్తుండగానే ఆ దొర మా ఇంట్లో ఒక పొగరుబోతు చుట్టం అయిపోయాడు. కూరలో ఉప్పెక్కువైతే, "ఆ ముసలాడికి పెట్టాల ఇది" అనేవాడు నాన్న. అమ్మ మాత్రం ఎప్పుడు ఆ ప్రస్తావన వచ్చినా "ఆడలేక మద్దెల ఓడు" అని, వినీ వినపడనట్టు గొణిగేది.

నేను నర్సు చదువుకు ఇంగ్లండు బయల్దేరినప్పుడు, ఓడరేవులో తక్కిన తండ్రులు పిల్లలకు చలి గురించి జాగ్రత్తలు చెప్తున్నారు. మా నాన్న నన్ను పక్కకు పిలిచి, "కేంబ్రిడ్జి ఎల్లు. నా ఇంగ్లీసు కాయితం దిద్దినోడెవడో అడుగు. ఏటి తప్పు సూసినాడో సెప్పమను" అన్నాడు. నవ్వుతూ అన్నాడనుకున్నాను. కాదు.

రెండేళ్ళు వాయిదా వేశాను. నాన్న మనసులోని కేంబ్రిడ్జి ఒక పెద్ద ఆఫీసు. వరసగా బల్లలు, బల్లకో ముసలి దొర, ఎర్రసిరా బుడ్డి. నేనూ కొంచెం అదే అనుకుంటూ ఒక వేసవి సెలవులో, చీర మీద కోటు తొడుక్కుని రైలు దిగాను. ఆఫీసు కనపడలేదు. గంటలు మోగుతున్నాయి, సందుల్లో సైకిళ్ళు మీదికొస్తున్నాయి, ఊరి నడుమ ఆవులు మేస్తున్నాయి. నదిలో పెద్దపెద్ద చదువులవాళ్ళు పొడుగాటి గెడతో పడవ నడుపుతున్నారు. ఒకాయన గెడ బురదలో దిగబడింది. దాన్ని వదలాలో పడవను వదలాలో తేల్చుకోలేక, గెడనే పట్టుకుని నీళ్ళ మీద వేలాడాడు. మా ఊరి జాలర్లు చూస్తే ఆ పూట వేటకు వెళ్ళేవారు కాదు, నవ్వుకే సరిపోయేది.

ఒక కాలేజీ రాతి గేటు దగ్గర గుండ్రటి నల్లటోపీ పెట్టుకున్న కాపలా పెద్దాయన ఉన్నాడు. లోపల పచ్చిక మీద కాలు పెట్టకూడదని బోర్డు. ఇంత దూరం వచ్చి అడక్కపోతే నాన్నకు మొహం ఎలా చూపించను? ధైర్యం తెచ్చుకుని అడిగేశాను.

"ఎప్పటి పేపరమ్మా?" అన్నాడు, ఏమాత్రం నవ్వకుండా.

"నేను పుట్టకముందుది."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "అయితే ఆ దొరగారు భోజనానికైనా వెళ్ళి ఉంటారు, కాలమైనా చేసి ఉంటారు. ఇక్కడ చాలామంది సంగతి అంతే" అన్నాడు.

నాన్నకు ఈ మాట చెప్తే కడుపుబ్బ నవ్వుతాడని తిరుగు ప్రయాణమంతా మురిసిపోయాను.

మెర్డెకాకు, అంటే మలయా స్వతంత్రానికి, కొద్దివారాల ముందు ఇల్లు చేరాను. స్వతంత్రం వస్తోందని అందరూ అంటున్నారు గానీ, ఎమర్జెన్సీ మాత్రం ఇంకా పోలేదు. తోట చుట్టూ ముళ్ళకంచె అలాగే ఉంది. అడవిలోని కమ్యూనిస్టులకు తిండి చేరకుండా గేటు దగ్గర ప్రతి మూటా వెతికేవారు, తిండి నిలవ ఉండకుండా డబ్బాలకు చిల్లు పెట్టేవారు. నాన్నకని తెచ్చిన బిస్కెట్ల డబ్బాకు కాపలా కుర్రాడు, "రూలు లా, ఏటీ అనుకోకు అక్కా" అని, అక్కడి అలవాటు చొప్పున మాటకో "లా" తగిలిస్తూ, మేకుతో చిల్లు పొడిచాడు. డబ్బా మీద కేంబ్రిడ్జి బొమ్మ. చిల్లు సరిగ్గా గోపురంలో పడింది.

ఇంకా చెప్పులు విప్పకముందే పక్కింటి పెద్దమ్మ వచ్చింది. "కేంబ్రిడ్జి కూడా పోయొచ్చినాను పెద్దమ్మా" అన్నాను గొప్పగా.

"పోనాదా! అయ్యో, నీకు కూడానా?" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. నేను నచ్చజెప్పేలోపు లైన్లలో కూలీల ఇళ్ళన్నిటికీ కబురు పాకిపోయింది.

ఆవిడ వెళ్ళాక నాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అడిగినావేటి?"

కాపలా పెద్దాయన మాట చెప్పాను, నల్లటోపీతో సహా అభినయించి మరీ చెప్పాను. నాన్న నవ్వలేదు.

"బోజనానికి కాదు. అప్పుటికే ముసలోడు గదా. పోయుంటాడు" అన్నాడు. లేచి పెరట్లోకి వెళ్ళి, తొట్టి దగ్గర తలమీద నీళ్ళు గుమ్మరించుకోవడం మొదలుపెట్టాడు.

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏటండీ, ఈ యేల కాని యేల తలకి పోసుకుంటన్నారు? ఎవులు పోనారు?"

"నా కాయితం దిద్దినాయన."

అమ్మ నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. మూడేళ్ళు ఉడకబెట్టిన బంగాళాదుంపలు తిని వచ్చానని, నాకోసం ఆ పొద్దు పడవ దగ్గరే రొయ్యలు కొని కూర చేసింది. మైలపూట రొయ్యలు ముట్టనంటాడేమోనని ఆవిడ భయం. అనుకున్నట్టే వద్దన్నాడు. తుడుచుకోకుండానే గడపలో చతికిలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకుంటా బతికినాను. ఇప్పుడాయన నేకపోతే తప్పు నాదే అయిపోద్ది గదే."

నా ప్రాణం ఉసూరుమంది. నవ్విద్దామని మోసుకొచ్చిన మాటతో ఆయన్ని ఏడిపించాను.

అమ్మ తువ్వాలు తెచ్చి ఆయన తల తుడవడం మొదలుపెట్టింది. "తప్పు మీదేనని నాకు పెళ్ళైన కాణ్ణించీ తెల్సు. తెలిసే ఉన్నాను గదా. నెగండి, రొయ్యలు సల్లారిపోతన్నాయి."

నాన్న తలెత్తి అమ్మను అలాగే చూశాడు. ఆ క్షణాన ఇద్దరి మీదా నాకు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. కాసేపటికి నాన్న లేచి వచ్చి పీట మీద కూర్చున్నాడు. రొయ్యలు రెండోసారి అడిగి వేయించుకున్నాడు.