రెండువేళ్ల బిగింపు

కొన్నాళ్లుగా ఆయన ఇంట్లో ఒక్క మూత కూడా గట్టిగా బిగుసుకున్న పాపాన పోలేదు.

కార్లకు స్పార్క్ ప్లగ్గులు మార్చడంలో ఆయనది పెట్టింది పేరు. రెండువేళ్ల మేస్త్రీ అంటే ఎవరైనా దారి చూపించేవారు. ప్లగ్గు దిగే ఇంజను హెడ్డు అల్యూమినియం, మెత్తన. స్పానరుతో మొరటుగా మొదలుపెడితే లోపలి మరలు చెడిపోతాయి. అందుకని బొటనవేలు, చూపుడువేలు తప్ప మూడో వేలు తగలనిచ్చేవాడు కాదు. చిక్కల్లా ఆ రెండువేళ్లను ఇంటిక్కూడా తెచ్చుకోవడమే.

చుట్టపుచూపుగా వచ్చిన మరదలు పంచదార సీసాను మూత పట్టుకుని ఎత్తింది. మూత వచ్చింది. సీసా రాలేదు.

"బావా, చీమల్ని జీతాలిచ్చి పెంచుతున్నారా?"

"గట్టిగా బిగిస్తే మరలు పోతాయమ్మా. అల్యూమినియం."

"ఇది గాజు సీసా!"

"ఆ సంగతి దానికి తెలీదుగా!"

అల్లుడు సంచిలో పెట్టుకెళ్లిన నీళ్లసీసా ఆఫీసు కాగితాల దాహం తీర్చింది. కుళాయి రేయింబవళ్లు కారుతూనే ఉండేది.

"మీ తల ఇంకా మెడమీద ఉందంటే అది మీరు బిగించలేదు కాబట్టే!" అని భార్య తలబాదుకునేది.

ఆవిడ బెంగ మాత్రం వేరే. బట్టలు కుట్టే ఆ వేళ్లలో పట్టు తగ్గుతోంది. కత్తెర జారిపోతోంది. నలుగురికీ తెలిస్తే బట్టలిచ్చేవాళ్లు ఇంకో గడప చూసుకుంటారు, ఇంట్లోవాళ్లు తనను కుర్చీలో కూర్చోబెడతారు. అందుకే కట్టుకున్నవాడితో కూడా అనలేదు.

ఒక మధ్యాహ్నం భోజనం పట్టుకుని కొట్టుకు వెళ్లింది. టాక్సీ ఇంజను చల్లారేదాకా ఆగి ఆయన అప్పుడే పనిలోకి దిగాడు. పాత ప్లగ్గు పక్కన కొత్తది పెట్టి పొడవు సరిచూశాడు. ఎక్కువైతే లోపల పిస్టనుకు తగులుతుంది. వేళ్లతోనే చివరిదాకా తిప్పాడు. అంతవరకూ ఆవిడకు తెలిసిన మనిషే. ఆ తర్వాత స్పానరు తీసుకుని కొలిచినట్టు బిగించాడు.

"అదేంటండీ! బిగిస్తున్నారు?"

టాక్సీ డ్రైవరు నవ్వాడు. "బిగించకపోతే ఎలాగమ్మా? వదులైతే ప్లగ్గు కాలిపోతుంది, ఎగిరి బయటపడినా పడుతుంది. మేస్త్రీ చేతిలో వదులన్న మాటే లేదు."

ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన ఇంజన్లోకి అవసరానికి మించి వంగాడు.

"ఆమధ్య నువ్వు నూనెసీసా మూత పళ్లతో తీస్తుంటే చూశాను. పళ్లు పోతాయని అప్పట్నుంచీ వదులుగా..." అన్నాడు, ఇంజనుతో మాట్లాడుతున్నట్టు.

ఆవిడ గొంతు తగ్గించింది. "ఎవరికైనా చెప్పారా?"

"నాకు మతి లేదని అందరూ నమ్మేశారుగా. ఇంక వేరే చెప్పడమెందుకు?"

తిట్టాలో నవ్వాలో ఆవిడకు తోచలేదు. ఈలోగా ఆయన ఇంకో ప్లగ్గుకు రబ్బరు గొట్టం తొడిగి చేతికిచ్చాడు.

"దీనికి బలంతో పనిలేదు. ముందు కాస్త వెనక్కి తిప్పు. మర కుదురుకున్నాక ముందుకు. వంకరగా ఎక్కితే నీ వేళ్లే చెబుతాయి."

వెనక్కి తిప్పింది. లోపలెక్కడో చిన్నగా టిక్కుమంది. ముందుకు తిప్పితే ప్లగ్గు వెన్నలో దిగినట్టు దిగింది.

"నేను పెడితే ఎప్పుడూ వంకరేనమ్మా," అన్నాడు డ్రైవరు కుళ్లుకుంటూ.

ఆవిడ కొంగు దోపుకుంది. "ఇంకెన్ని ఉన్నాయండీ?"

"రెండు."

"అయితే జరగండి. వెలుతురు రావడంలేదు."