దోసిళ్లు పట్టినవాళ్లు ఎవరని అడిగిన టీచరమ్మ

మా తెలుగు టీచరమ్మ పోయిందన్న కబురు కడపలో, మా బడి స్టాఫ్ రూములో తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతుండగా అందింది. కోయిలకుంట్ల నుంచి ఫోన్ చేసినతను నాతోపాటు ఆమె దగ్గర చదువుకున్నవాడే. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి అట్లనే ఒరిగిపోయిందని చెప్పాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ముందు నాకు ఏడుపు రాలేదు. ఇంక ఆ సంగతి ఆమె నోటి నుంచి బయటపడదులే అన్న నిమ్మళం కలిగింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మాది కోడుమూరు పక్కన పల్లె. కరువొచ్చిన యేడు మా ముత్తాత తన బావిని ఊరికంతా విడిచాడని ఒక కథాగేయం ఉంది. మా నాయన దాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. ఇంటికి ఎవరొచ్చినా ఒకటి చేతిలో పెట్టేవాడు.

టీచరమ్మ సన్నగా, పొడుగ్గా ఉండేది. సంతలో బెండకాయను తుంచి చూడనిదే కొనేది కాదు. పద్యాన్నీ అంతే. ఒకసారి కళ్లద్దాలు పెట్టుకుని చదివేది, ఇంకోసారి వాటిని తీసేసి, కళ్లు మూసుకుని మాతో చదివించుకుని వినేది. ఇతివృత్తం, ధోరణి, దృక్కోణం అని బోర్డు మీద రాసి, ఆ మాటలకు భయపడొద్దనేది. కథ దేని గురించో పద్యం తనే ముందుగా చెప్పేస్తుందట, దాన్ని వెంటనే ఒప్పుకోకూడదట. "గొంతు వినండి. శానా మెత్తగా పలుకుతాంటే ఏందో దాస్తాండాదని అనుకోండి. కడాకు, సెప్పేటోడు యాడ నిలబడి సూస్తాండాడో కనుక్కోండి" అనేది.

మేం తొమ్మిదిలో ఉండగా ఒకరోజు ఆమె మా ముత్తాత పాట పుస్తకాలు తెచ్చి అందరికీ పంచింది. నేను గర్వంగా మొదటి బెంచీలో కూర్చున్నాను. అందులో ఇట్లా ఉంటుంది:

ఊరి బావులన్ని ఎండిపోయిన యేట
అయ్యబావొక్కటే ఆదుకొనె మమ్ము
కడవలెత్తుకోని కొందరు నడిచిరి
దోసిళ్లు పట్టుకోని కొందరు నిలిచిరి

ఆ పాట నాకు నోటికి వచ్చు. అయినా ఆమె అడిగిన ప్రశ్న నాకెన్నడూ తట్టలేదు. అందరికీ నీళ్లిచ్చినప్పుడు కొందరు కడవలు నింపుకుంటే, కొందరు దోసిళ్లెందుకు పట్టారు? వెనక నుంచి ఒకడు లేచాడు. మొన్న నాకు ఫోన్ చేసింది వాడే.

"మావోళ్లు తాడు ముట్టుకోగూడదు గదా మేడం. పైనుంచి పోస్తాంటే మా అవ్వోళ్లు దోసిళ్లతో తాగినారంట."

ఆమె వాణ్ని కూర్చోమంది. తర్వాత మా అందరి వైపు తిరిగి, "అయితే ఈ పాట సెప్పేటోడు గట్టు మీద ఉండాడా, కింద ఉండాడా?" అంది.

గట్టు మీద ఉన్నాడని నోటుబుక్కులో రాసుకున్నాను. రాస్తున్నంతసేపూ ఒకటే అనుమానం. ఇన్ని పాటలుండగా మా పాటే ఎందుకు తెచ్చింది? మా ఇంటిని పదిమందిలో తక్కువ చెయ్యాలనేనా? అన్నం దగ్గర నాయనకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆ యమ్మ ఎవరి మనిషో కనుక్కోవల్ల అని మాత్రం అన్నాడు. మరునాడు నా నోటుబుక్కు అడిగితే ఇచ్చాను. ఎందుకని అడగలేదు. పై ఆఫీసులో చూపించడానికేనని నాకు తెలుసు.

నెల తిరక్కుండా ఆమెను కోయిలకుంట్ల వైపు మార్చేశారు. పోయే రోజు అందరితోపాటు నా తలా నిమిరింది. ఆ చేతిలో కోపం ఉందేమోనని వెతికాను. ఏమీ తెలియలేదు.

నేనూ తెలుగు టీచర్నయ్యాక, ఆమె రిటైరైందని విని చూడడానికి పోయాను. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టింది. తినేసి, ఇన్నేళ్లు లోపల నలుగుతున్నది అడిగాను. ఆ పాట కావాలనే తెచ్చినారా అని.

"నలభై మంది పిల్లోళ్లకు నలభై పుస్తకాలు ఉండేది అదొక్కటే పాపా. మీ నాయనే బడికిచ్చినాడు."

నా ముఖం చూసి, "నమ్మకం కుదరల్యా? మంచిదే. పోయి సూసుకో" అంది.

నిజంగానే పోయి చూశాను. మేం చదువుకున్న బడిలో బీరువా తెరిపిస్తే ఆ కట్ట అందులోనే ఉంది. మొదటి పేజీలో నాయన సంతకం. ఆమె మీద అనుమానం అక్కడితో తీరింది. ఆ తర్వాత నా భయమంతా నా గురించే. నోటుబుక్కు ఇచ్చింది నేనని ఆమెకు తెలుసా? ఏటా పోయేదాన్ని, ఏటా చెప్పకుండానే తిరిగొచ్చేదాన్ని. మా పిల్లల పేపర్లు తీసుకుపోతే ఇద్దరం కలిసి చదివేవాళ్లం. "ఈ పిల్ల అనుమానం మంచిది, ఒక మార్కు వెయ్యి" అనేది. ఆ మాట కూడా నన్నేనేమో అనిపించేది.

ఆఖరి చూపుకు పోయినప్పుడు ఆమె చెల్లెలు వాకిట్లోనే నన్ను పక్కకు పిలిచింది.

"నోటుబుక్కు పాపవు నువ్వే గదా? ఆ పాప తనంతట తానే సెప్తాది, అంతదాంక ఎవురూ అడగొద్దు అంటాండె మా అక్క."

ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. మొదటినుంచీ అని చెప్పి, ఆమె లోపలికి పోయింది. అట్లనే తిన్నె మీద కూర్చుండిపోయాను.

ముందురోజు టీచరమ్మ తన చేత్తో ఆరబోసిన మిరపకాయలు వాకిలంతా పరిచి ఉన్నాయి. ఎత్తాలని ఎవరికీ తోచినట్టు లేదు. పాడె లేచినప్పుడు ముందువైపు భుజం పట్టింది నాకు ఫోన్ చేసినవాడే. వాడు ముందు ఒక అడుగు పక్కకు వేశాడు, మిగిలిన ముగ్గురూ వాడి వెంట తిరిగారు. ఆ ఎర్రటి పరుపు అంచు వెంబడి, ఒక్క కాయ కూడా నలగకుండా, ఆమెను మెల్లగా గేటు దాటించారు.